ఓపిక అనే మాట – మేరీ డెలానీ కాగితపు పూలు

ఆడవాళ్ళు చేత్తో చేసిన పనిని చూడగానే మన నోట్లోంచి వచ్చే మొదటిమాట "ఎంత ఓపికో!" అని. అది కుట్టుపని కావచ్చు, వాకిలి నిండా పరుచుకున్న ముగ్గు కావచ్చు, పూసలతో అల్లిన గుమ్మం తోరణం కావచ్చు. మెచ్చుకోలుగానే అంటాం. కానీ ఒక కవి పదేళ్ళు కూర్చుని కావ్యం రాస్తే ఆయన ఓపికని మెచ్చుకోం. ప్రతిభ అంటాం, సాధన అంటాం. శిల్పి ఏళ్ళ తరబడి రాయి చెక్కితే తపస్సు అంటాం. ఒకే రకం శ్రమకి మగవాళ్ళ విషయంలో తపస్సు అనీ, ఆడవాళ్ళ విషయంలో ఓపిక అనీ రెండు పేర్లెందుకున్నాయి?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో దొరికింది కాదు. డాక్టరేట్ పూర్తయిన కొత్తలో ఒక సదస్సులో మేరీ డెలానీ అనే 18వ శతాబ్దపు ఇంగ్లీషు కళాకారిణి గురించి పత్రం చదివాను. ఆమె కాగితాన్ని కత్తిరించి, అతికించి చేసిన పూల బొమ్మల్ని తెరమీద చూపించాను. చర్చ మొదలు పెట్టిన పెద్దాయన "ఏమైనా మీ ఆడవాళ్ళ ఓపిక ఇంకెవరికీ రాదమ్మా" అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. దాంతో చర్చ కూడా అయిపోయింది. ఒక కళాఖండం ముందు నిలబడి అడగాల్సినవి ఎన్నో ఉంటాయి. ఈ రంగు ఎందుకు? ఈ నేపథ్యం ఎందుకు? ఇది ఏం వదిలేసింది? ఆ ఒక్క మాట ఆ ప్రశ్నలన్నిటినీ అడగకుండానే పంపించేసింది.

తెలుగులో ఓపికకి రెండర్థాలున్నాయి. ఒకటి సహనం. రెండోది ఒంట్లో మిగిలిన శక్తి. "ఇంక నాకు ఓపిక లేదమ్మా" అని సాయంత్రం అమ్మ అన్నప్పుడు ఆమె సహనం గురించి మాట్లాడటం లేదు, ఒళ్ళు గురించి మాట్లాడుతోంది. మొదటి అర్థంలో ఓపిక స్త్రీల సహజగుణంగా చలామణీ అవుతోంది. రెండో అర్థంలో అది రోజు గడిచేకొద్దీ తరిగిపోయే సరుకు. డెలానీ పనిని ఈ రెండు అర్థాల మధ్య పెట్టి చూడాలని నా ప్రయత్నం.

మేరీ గ్రాన్విల్‌గా 1700లో పుట్టి 1788లో చనిపోయిన ఈమె, రెండో పెళ్ళితో మేరీ డెలానీ అయింది. 1772లో, తన 72వ ఏట, పూలను కాగితంతో చెయ్యడం మొదలుపెట్టింది. 1782లో కంటిచూపు సహకరించక ఆపేసింది. ఈ పదేళ్ళలో 985 పూల బొమ్మలు చేసింది. సగటున వారానికి దాదాపు రెండు. వాటిని 'కాగితపు మొజాయిక్‌లు' అంది. పది సంపుటాలైన ఈ సేకరణ 'ఫ్లోరా డెలానికా' పేరుతో ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆమె పెంచిన మనవరాలి వరసైన జార్జియానాకి కూతురు లేడీ లానోవర్. ఈమె ఆస్తిపత్రం ద్వారా 1897లో అవి అక్కడికి చేరాయి. డెలానీ స్వీయచరిత్ర, ఉత్తరాలు 1861-62 సంవత్సరాల్లో ఆరు సంపుటాలుగా అచ్చువేయించింది కూడా ఆమే. ఒక స్త్రీ పని మరో స్త్రీ భద్రపరిస్తేనే మిగలడం మనకి కొత్త విషయం కాదు.

నేను మూలచిత్రాలు చూడలేదు. మ్యూజియం అందరికీ అందుబాటులో పెట్టిన ఫొటోల్లో ఒక్కొక్కటీ పెద్దది చేసుకుంటూ చూశాను. మొదట నీటిరంగుల చిత్రమనే అనిపిస్తుంది. ఇంకా దగ్గరికి వెళితే రేకు అంచు కింద సన్నని నీడ కనబడుతుంది. ఆ నీడ గీసింది కాదు, కాగితం మందం వేసిన నీడ. అప్పుడు అర్థమవుతుంది, ఆకు ఒక కాగితం కాదనీ, ఒకదాని మీద ఒకటి పేర్చిన నాలుగైదు ఆకుపచ్చలనీ. ఈనె ఒక ముక్క. ఈనె పక్కన వెలుగు ఇంకో ముక్క. పుప్పొడి తలలు విడివిడిగా దారం కంటే సన్నగా కత్తిరించిన ముక్కలు. ఒక కృష్ణకమలం జాతి పువ్వులో రేకులకే 230 దాకా ముక్కలున్నాయని లెక్కపెట్టినవాళ్ళు రాశారు.

ఆమె పనిచేసే తీరు ఇలా ఉండేది. మొక్కని ఎదురుగా పెట్టుకునేది. ముందుగా బొమ్మ గీసుకోకుండా పువ్వును చూస్తూ నేరుగా కత్తెరతో కోసేది. నేపథ్యానికి తెల్లకాగితం మీద నల్లరంగు పూతలు పూసి ఆరబెట్టుకునేది. రంగుకాగితాలు కొన్ని చైనా నుంచి వచ్చే ఓడలవాళ్ళ దగ్గర కొన్నది. కొన్ని గోడకాగితాలు తయారుచేసేవాళ్ళ దగ్గర రంగు కారి పాడైనవి. వాళ్ళకి పనికిరాని ఆ మచ్చలే ఆమెకి పండుటాకుకీ వాడిన రేకుకీ పనికొచ్చాయి. కావలసిన రంగు దొరక్కపోతే తనే వేసుకునేది. అక్కడక్కడ నీటిరంగుతో ఒక గీత, ఒక చుక్క. బుడ్డ బూసర జాతి మొక్క బొమ్మలో పండు చుట్టూ ఉండే తొడిమె పొర ఎండి జాలీలా మిగిలితే, ఆ నిజం పొరనే తెచ్చి అతికించింది. అనుకరణ పక్కనే అసలుని పెట్టడానికి తన చేతిమీద ఎంత నమ్మకముండాలి!

ఇక ఆ నలుపు. అప్పటి వృక్షశాస్త్ర చిత్రాలు సాధారణంగా తెల్ల నేపథ్యం మీద ఉండేవి. డెలానీ నలుపుని ఎంచుకుంది. ఆ నలుపు మీద తెల్లకలువ రేకు, గసగసాల పువ్వు గులాబీరంగు ఒక్కసారిగా ముందుకి వస్తాయి. కాగితం అంచు నలుపులో స్పష్టంగా తెగుతుంది. పువ్వు ఎక్కడ పూసిందో, ఏ వేళో తెలియదు. తోట ఉండదు, ఆకాశం ఉండదు. మనమూ ఆ పువ్వూ అంతే. ఇది సహనంవల్ల వచ్చేది కాదు. ఇది నిర్ణయం. అలాంటి నిర్ణయాలు ప్రతి బొమ్మలోనూ కనిపిస్తాయి. ఎన్ని మొగ్గలుండాలి, కాడ ఎటు వంగాలి, ఏ ఆకు వెనుకవైపు చూపించాలి అని.

వీటికి వెనుక చదువుంది. పూలపని మొదలుపెట్టడానికి మూడేళ్ళ ముందే, 1769లో, విలియం హడ్సన్ లాటిన్‌లో రాసిన ఇంగ్లండు వృక్షజాతుల గ్రంథాన్ని ఆమె ఇంగ్లీషులోకి చేసుకుంది. స్నేహితురాలు పోర్ట్‌లాండ్ డచెస్ మార్గరెట్ ఇంట్లో జాన్ లైట్‌ఫుట్, డేనియల్ సోలాండర్ లాంటి ప్రకృతి శాస్త్రజ్ఞులతో కలిసి మొక్కల్ని చదివింది. బొమ్మ వెనకాల లిన్నేయస్ పద్ధతిలో పేరు, వర్గం, ఎక్కడ చేసింది, ఏ రోజు, ఆ మొక్కని ఎవరిచ్చారు అన్నీ రాసింది. ముందువైపు తన పేరులోని మొదటి అక్షరాల్ని కాగితంలోనే కత్తిరించి అతికించింది. పొద్దుపోక చేసే పనికి ఇంత పద్దు ఎవరు రాస్తారు?

అయినా పొద్దుపోని పనిగానే ఎందుకు మిగిలింది? దీనికి తేదీతో సహా సమాధానముంది. లండన్ రాయల్ అకాడమీ 1768లో ఏర్పడింది. వ్యవస్థాపక సభ్యుల్లో ఇద్దరే స్త్రీలు, ఆంజెలికా కాఫ్‌మన్, మేరీ మోజర్. 1770లో ఆ అకాడమీ తన ప్రదర్శనల్లోకి సూదిపని, కృత్రిమ పుష్పాలు, కత్తిరించిన కాగితం, గవ్వలపని, రంగు మైనపు బొమ్మల వంటివి రాకూడదని తీర్మానించింది. ఆ జాబితాని మరోసారి చూడండి. అది ఆనాటి కులీన, మధ్యతరగతి ఆడపిల్లలకి ఇంట్లో నేర్పే పనుల జాబితా. ఆడవాళ్ళు రాకూడదని ఎక్కడా రాయనక్కర్లేకపోయింది, వాళ్ళ చేతిలో ఉన్న సరంజామాని నిషేధిస్తే సరిపోయింది. ఆ తీర్మానం జరిగిన రెండేళ్ళకి డెలానీ కత్తెర పట్టుకుంది.

ఆమె చనిపోయిన మరుసటేడు, 1789లో, ఎరాస్మస్ డార్విన్ 'ద లవ్స్ ఆఫ్ ద ప్లాంట్స్' అనే తన కావ్యంలో ఆమెని పొగిడాడు. ఆ పొగడ్తలో పట్టుతో చేసిన పూలున్నాయి, తీగెలతో కాడలున్నాయి, మైనపు పళ్ళున్నాయి, కత్తెరలు పట్టుకుని ఆమె చుట్టూ పనిచేసే కన్యల బృందం ఉంది. ఇవేవీ నిజం కాదు. ఆమెది కాగితం పని. కోసిందీ అతికించిందీ ఆమే. మొక్కల గురించి అంత తెలిసిన డార్విన్, ఆమె పని దగ్గరికొచ్చేసరికి అది ఎలా తయారైందో కనుక్కోవాలనుకోలేదు. స్త్రీ కళ గురించి రాసేటప్పుడు వివరం తప్పినా ఫర్వాలేదు, లాలిత్యం ఉంటే చాలు! ఈ ధోరణి మన సాహిత్య విమర్శలోనూ మనకి బాగా పరిచయమే. 'సుకుమారమైన శైలి' అని ఒక వాక్యం రాసి రచయిత్రి నవలని పక్కన పెట్టేసే సమీక్షలు ఎన్ని చూడలేదు!

తర్వాత నూట ఇరవై మూడేళ్ళకి, 1912లో, పికాసో, బ్రాక్‌లు కాన్వాసు మీద కాగితం ముక్కలు అతికించారు. కళాచరిత్ర పుస్తకాల్లో కొలాజ్ అక్కడ మొదలైంది. వాళ్ళు చేసింది వేరే పని, వేరే ఉద్దేశం, నిజమే. కానీ 'మొదలు' అనే మాట మీద మాత్రం స్త్రీవాదులు అభ్యంతరం చెప్పారు. 1977-78లో 'హెరిసీస్' అనే అమెరికన్ స్త్రీవాద పత్రికలో మిరియమ్ షపీరో, మెలిస్సా మేయర్‌లు రాసిన వ్యాసం ఈ కత్తిరింపుల, అతికింపుల, అతుకుబొంతల సంప్రదాయానికి 'ఫెమ్మాజ్' అని పేరుపెట్టింది. పారెయ్యకుండా దాచుకోవడం, దాచినవాటిని కూర్చడం స్త్రీల కళాపద్ధతి అని చెప్పింది. 1981లో రోజికా పార్కర్, గ్రిసెల్డా పోలాక్ రాసిన 'ఓల్డ్ మిస్ట్రెసెస్', 1984లో పార్కర్ ఒక్కరే రాసిన 'ద సబ్‌వర్సివ్ స్టిచ్' కళ, చేతిపని అనే విభజన వెనుక ఉన్న లింగరాజకీయాన్ని విప్పి చూపించాయి. నేను ఇక్కడ చెబుతున్నది వాళ్ళు వేసిన దారిలోనిదే.

అయితే స్త్రీవాదులం కూడా ఇష్టంగా చెప్పుకునే కథ ఒకటుంది. దాని మీద నాకు అనుమానాలున్నాయి. అది 72 ఏళ్ళ కథ. భర్త పోయిన దుఃఖంలో ఉన్న ముసలామె, ఒకరోజు రాలిన జెరేనియం రేకునీ బల్లమీదున్న ఎర్రకాగితాన్నీ చూసి రెండూ ఒకటేనని గమనించింది. కత్తెర తీసుకుంది. లోపలికొచ్చిన డచెస్ కాగితపు రేకుల్ని నిజం రేకులనుకుంది. అలా ఒక కళ పుట్టింది. 2010లో మోలీ పీకాక్ రాసిన జీవితకథ 'ద పేపర్ గార్డెన్' తర్వాత ఈ ఘట్టం ఇంకా ప్రసిద్ధమైంది. పీకాక్ ఆ మొత్తం జీవితాన్ని ప్రేమతో పరిశీలించింది, ఆమె మీద నాకు ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదు ఆ కథ మన చేతికొచ్చాక దానితో మనం చేసే పని మీద. "చూశావా, డెబ్భై రెండేళ్ళకి మొదలుపెట్టింది! నీకింకా బోలెడు టైముంది" అంటాం. పిల్లలు స్థిరపడనీ, అత్తగారి ఆరోగ్యం కుదుటపడనీ, రిటైరవనీ, తర్వాత రాసుకోవచ్చులే అంటాం. ఎదురుచూపుని ఒక సుగుణంగా మార్చడానికి డెలానీని వాడుకుంటాం.

కానీ ఆమె 72లో మొదలుపెట్టలేదు. 17 ఏళ్ళప్పుడు, 1718లో, పెదతండ్రి లాన్స్‌డౌన్ ప్రభువు కుటుంబ ప్రయోజనాల కోసం ఆమెని దాదాపు అరవయ్యేళ్ళ అలెగ్జాండర్ పెండార్వెస్‌కి కట్టబెట్టాడు. ఆ పెళ్ళిలోని వికారాన్నీ భయాన్నీ ఆమె తర్వాత ఉత్తరాల రూపంలో రాసుకున్న స్వీయచరిత్రలో దాచలేదు. 1725లో అతను నిద్రలో చనిపోయాడు. ఆ తర్వాత 18 ఏళ్ళు, ఎన్ని సంబంధాలొచ్చినా, ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఆ ఏళ్ళలో బొమ్మలు వేసింది, గవ్వలపని చేసింది, కుట్టింది. 1740 ప్రాంతంలో రాజసభకి కట్టుకెళ్ళడానికి నల్లపట్టు మీద నిలువెల్లా పూలు కుట్టిన దుస్తులు తయారుచేసుకుంది. నలుపు మీద పువ్వు! ముప్ఫయ్యేళ్ళ తర్వాత కాగితంలో వచ్చింది ఇదే. 1743లో ఐరిష్ మతాచార్యుడు పాట్రిక్ డెలానీని తన ఇష్టంతో చేసుకుంది. డబ్లిన్ దగ్గర డెల్విల్ ఇంట్లో తోట వేసింది, ప్రార్థనాలయం పైకప్పుకి గవ్వలతో పూలు తీర్చింది. ఆయన 1768లో పోయాడు. 1772 అక్టోబరులో పూలను అనుకరించే కొత్త పద్ధతి ఒకటి కనిపెట్టానని మేనకోడలికి రాసినప్పుడు ఆమె వెనుక యాభయ్యేళ్ళ చేతిపని ఉంది. జెరేనియం రేకు రాలిన క్షణం ఒక్కటే ఆ చేతికి సరిపోదు.

72లో దొరికింది ఏమిటంటే, ఓపిక అనే మాటకి రెండో అర్థం. వేసవుల్లో ఆమె బకింగ్‌హమ్‌షైర్‌లోని బుల్‌స్ట్రోడ్‌లో, డచెస్ ఇంట్లో ఉండేది. ఆ డచెస్ కాలంలో ప్రకృతి వస్తువుల్ని ఆమె అంతగా సేకరించినవాళ్ళు ఇంగ్లండులో అరుదు. చనిపోయాక, 1786లో, ఆ సేకరణ వేలానికి 38 రోజులు పట్టింది. గవ్వలు, పుట్టగొడుగులు, ఎండబెట్టిన మొక్కలు, పుస్తకాలు, వాటిని వివరించే పండితులు, తోటలో అరుదైన మొక్కలు, అన్నిటికంటే ముందు పని విలువ తెలిసిన ఒక స్నేహితురాలు. ఆమె పని గది ఇదే. రాజు మూడో జార్జి, రాణి చార్లెట్ క్యూ తోట నుంచి మొక్కలు పంపించారు. రాణి కత్తి, కత్తెర, పెన్సిల్, కొలబద్ద, వృత్తలేఖిని ఉన్న చిన్న పనిముట్ల సంచి బహుమతిగా ఇచ్చింది. 1785లో డచెస్ పోయాక రాజదంపతులు విండ్సర్‌లో ఇల్లు, ఏడాదికి 300 పౌన్లు భృతి ఏర్పాటు చేశారు.

వంట ఎవరు చేశారు? గదిలో నిప్పు ఎవరు రాజేశారు? సాయంత్రానికి నేలమీద పడ్డ కాగితపు తునకల్ని ఎవరు ఊడ్చారు? డార్విన్ కత్తెరలు పట్టించిన కన్యలు లేరు గానీ, చీపురు పట్టుకున్న ఆడవాళ్ళు ఆ ఇంట్లో తప్పకుండా ఉన్నారు. మొక్క ఇచ్చినవారి పేరు బొమ్మ వెనక ఉంది. గది ఊడ్చినవారి పేరు లేదు. తనకంటూ ఒక గది, కొంత డబ్బు కావాలని వర్జీనియా వూల్ఫ్ 1929లో చెప్పిన లెక్కలోకి ఆ చీపురునీ కలపాలి. ఒకరి ఓపిక మిగలాలంటే ఆ పని మరొకరి ఒంటిమీద పడుతుంది. ఆ మరొకరు సాధారణంగా మరో స్త్రీయే.

ఇక్కడ మరియా సిబిలా మెరియన్ గుర్తుకి రాక తప్పదు. డెలానీకి ముందు తరం, 1647-1717. ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టిన ఈమెకి బొమ్మలు బతుకుతెరువు. ఆడపిల్లలకి బొమ్మలు నేర్పింది, రంగులమ్మింది, తన చిత్రాలు అమ్మి ప్రయాణపు ఖర్చు కూడబెట్టుకుంది. 1699లో, 52 ఏళ్ళ వయసులో, చిన్న కూతురు డొరొతియాని వెంటబెట్టుకుని దక్షిణ అమెరికాలోని డచ్చి వలస సురినామ్‌కి ఓడెక్కింది. రెండేళ్ళు అక్కడుండి చూసినవాటిని 1705లో పుస్తకం చేసింది. ఆమె ఆకుల్లో రంధ్రాలుంటాయి. గొంగళిపురుగు ఆకు తింటూ ఉంటుంది, పక్కనే గూడు, పైన సీతాకోకచిలుక. ఆమె చిత్రించిన మొక్కల్లో మనం పెరట్లో పెంచుకునే రత్నగంధి ఒకటి. ఆ మొక్క విత్తనాల్ని బానిస స్త్రీలు గర్భస్రావానికి వాడతారనీ, తమ బిడ్డలు బానిసలు కాకూడదని అలా చేస్తారనీ, ఇది వాళ్ళే తనకి చెప్పారనీ ఆమె ఆ బొమ్మ పక్కన రాసింది. ఆ ఒక్క వివరంతో పువ్వు అందం మారిపోతుంది.

మెరియన్ పక్కన పెట్టినప్పుడు డెలానీ నలుపు ఏం వదిలేసిందో కనబడుతుంది. ఆమె పూలలో పురుగు అరుదు, మట్టి లేదు. పోర్ట్‌లాండ్ డచెస్ పేరుమీద 'పోర్ట్‌లాండియా' అని నామకరణం చేసిన పువ్వుని డెలానీ అద్భుతంగా చేసింది. ఆ మొక్క జమైకాది. బానిస శ్రమతో చెరకు పండుతున్న జమైకా. ఆ మొక్క వచ్చిన సముద్రమార్గం గురించి ఆ నలుపు ఏమీ చెప్పదు. ఇది డెలానీని తక్కువ చెయ్యడానికి అనడం లేదు. ఓపిక అన్న మాట దగ్గర ఆగిపోతే ఆమె గొప్పతనమూ చూడలేం, ఆమె పరిమితీ చూడలేం. గౌరవించడమంటే రెండూ చూడటమే.

ఇప్పుడు సముద్రం దాటి మన ఊరికి రావాలి. డెలానీ బొమ్మల్ని గట్టిగా సమర్థించిన శాస్త్రజ్ఞుడు సర్ జోసెఫ్ బ్యాంక్స్. ఏ తప్పూ దొర్లుతుందన్న భయం లేకుండా మొక్కని వర్ణించడానికి తాను నమ్మగలిగిన బొమ్మలు ఇవేనని ఆయన అనేవాడట. ఇదే బ్యాంక్స్ పర్యవేక్షణలో 1795 నుంచి 1820 దాకా లండన్‌లో మరో గ్రంథం వెలువడింది. 'ప్లాంట్స్ ఆఫ్ ద కోస్ట్ ఆఫ్ కోరమాండల్.' మూడు సంపుటాలు, 300 రంగుల చిత్రాలు. రాసింది విలియం రాక్స్‌బర్గ్. కంపెనీ వైద్యుడిగా 1781లో సామర్లకోట చేరి, అక్కడ తోట పెంచి, 1793లో కలకత్తా వెళ్ళేదాకా అక్కడే మొక్కల్ని అధ్యయనం చేశాడు. డెలానీ చివరి పూలు కత్తిరిస్తున్న రోజుల్లోనే ఆయన సామర్లకోటలో అడుగుపెట్టాడు. మన కలంకారీ ఎరుపుకి మూలమైన చిరివేరు మొదలుకొని ఎన్నో మొక్కలు ఆ పుస్తకంలో ఉన్నాయి, చాలావాటికి తెలుగు పేర్లతో సహా.

ఆ బొమ్మలకి ఆధారమైన నీటిరంగుల చిత్రాలు వేసింది రాక్స్‌బర్గ్ జీతమిచ్చి పెట్టుకున్న దేశీయ చిత్రకారులు. పుస్తకంలో రచయిత పేరుంది, పర్యవేక్షకుడి పేరుంది, మొక్కకి తెలుగు పేరుంది. మొక్కని గీసినవాడి పేరు లేదు. సామర్లకోట ఎండలో, వాడిపోయేలోగా పువ్వుని పట్టుకోవాలని తొందరపడ్డ ఆ చేతులెవరివో ఆ పుస్తకం చెప్పదు.

నన్ను కుదిపింది ఇంకొకటి. ఆ కాలపు తెల్ల అధికారులు దేశీయ చిత్రకారుల గురించి రాసినప్పుడు తరచు వాడే మాటలు ఓపిక, శ్రద్ధ, ఉన్నదున్నట్టు దించే నేర్పు. లేదని చెప్పేది ఊహ, కల్పన. ఆడవాళ్ళ గురించి అకాడమీ వర్గాలు అనుకున్నది కూడా అదే. చెయ్యి వీళ్ళది, బుద్ధి ఇంకెవరిదో. ఆ చిత్రకారులు బహుశా అందరూ పురుషులే. అయినా సామ్రాజ్యం వాళ్ళని కూర్చోబెట్టిన చోటు, పితృస్వామ్యం స్త్రీలని కూర్చోబెట్టిన చోటు ఒకటే. కాకపోతే డెలానీకి బొమ్మ మీద తన అక్షరాలు అతికించుకునే హోదా ఉంది. సామర్లకోట చిత్రకారుడికి అది లేదు. జెండర్‌ని వర్గం నుంచీ, వలసపాలన నుంచీ విడదీసి చూస్తే ఈ తేడా మన కంటికి ఆనదు.

ఇదంతా మనకెందుకు? మన స్త్రీవాద విమర్శ స్త్రీల పాటల్ని సాహిత్యంలోకి తెచ్చింది. ఉత్తరాల్నీ, స్వీయచరిత్రల్నీ తెచ్చింది. సాహిత్యమంటే ఏమిటన్న నిర్వచనాన్నే మార్చింది. చేతిపని దగ్గరికొచ్చేసరికి మాత్రం ఇంకా తటపటాయిస్తున్నాం. మా అమ్మమ్మ శుభలేఖల అట్టలు, సిగరెట్ పెట్టెల్లోని వెండికాగితం, చీరల పెట్టెలమీది రంగుకాగితాలు దాచి, వాటితో చిలకలూ మామిడికొమ్మలూ అతికించి అద్దాల చట్రాల్లో పెట్టేది. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే "నేర్చుకునేదేముందే, పొద్దుపోక" అనేది. ఆమెకి పొద్దుపోకపోవడమన్నది ఉండేది కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. తెల్లారి నాలుగింటికి లేచే మనిషి. మధ్యాహ్నం అందరూ పడుకున్నాక దొరికే గంటలో చేసేది. అంటే నిద్రలోంచి తీసుకున్న గంట అది. ఆ పనికి తను చెప్పుకోగలిగిన మర్యాదైన సాకు 'పొద్దుపోక'. "నాకు ఇష్టం, నేను చేస్తాను" అని చెప్పే భాష ఆమెకెవరూ ఇవ్వలేదు. ఆ చట్రాల్లో దేనిమీదా పేరు లేదు, తేదీ లేదు.

విమర్శకులుగా మన పని ఎక్కడ మొదలవ్వాలో డెలానీయే తన బొమ్మల వెనక రాసిపెట్టింది. ఇది ఏ మొక్క, ఎక్కడిది, ఏ రోజు చేశాను, ఎవరిచ్చారు. దీనికి మనం ఇంకొన్ని ప్రశ్నలు కలపాలి. ఆ గంట ఎక్కడి నుంచి వచ్చింది? ఆ గంటలో ఇంటిపని ఎవరు చేశారు? కాగితం ఎవరు తెచ్చారు? ఈ బొమ్మ దేన్ని చూపించింది, దేన్ని చూపించలేదు? ఎక్కడ చూపు పదునుగా ఉంది, ఎక్కడ అలవాటు మీద నడిచిపోయింది? ఇలా అడిగితే కొన్ని పనులు మనం అనుకున్నంత గొప్పవి కాదని తేలవచ్చు. తేలనీ. అడగదగ్గ పని అని ఒప్పుకోవడమే మొదటి గౌరవం.

మన ఊళ్ళల్లో, మన బంధువుల ఇళ్ళల్లో నీటిరంగులతో పూలు వేసేవాళ్ళు, గుడ్డముక్కలతో అడవులు కూర్చేవాళ్ళు, వైరుతో నెమళ్ళని అల్లేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఈసారి వెళ్ళినప్పుడు "ఎంత ఓపికో!" అని లేచిపోకుండా వాళ్ళ పక్కన కూర్చుందాం. ఈ ఆకుపచ్చ ఎందుకు వేశారని అడుగుదాం. బొమ్మని వెనక్కి తిప్పి పేరు, ఊరు, తేదీ రాయమందాం. రాయడం రానివాళ్ళుంటే, వాళ్ళు చెబుతుండగా మనం రాద్దాం.